మూడు మీటర్ల తీగకు అందినంత దూరం

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో శుక్రవారం ఉదయం రెండు మెసేజ్‌లు ఒకదాని కింద ఒకటి వచ్చాయి. మొదటిది, ఎవరో పిల్లల కార్ సీట్ అమ్ముతామని. రెండోది, రేడియో అంకుల్ నిద్రలోనే పోయారని. ఆఫీస్‌కి వెళ్దామని కారు దగ్గరికి వచ్చినదాన్ని, తలుపు తెరిచి పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

అమెరికాలోని పార్సిప్పనీలో మా కాంప్లెక్స్‌కి వచ్చినవాళ్లెవరికైనా ఆయన ముందు పక్కింటాయనగా, ఆ తర్వాత గొంతుగా పరిచయమయ్యేవారు. ఉద్యోగం నుంచి రిటైరైన ఎలక్ట్రికల్ ఇంజనీరు. వరంగల్ మాట ఈ దేశంలో ఇన్నేళ్లున్నా చెక్కు చెదరలేదు. బాల్కనీలో చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టుకుని ప్రతి ఆదివారం పదింటికి తెలుగులో ఓ అరగంట మాట్లాడేవారు. ఈ మాత్రం చిన్నదానికి ఇక్కడ లైసెన్స్ అక్కర్లేదు. కరెంటు ఒక వాట్‌లో పదోవంతు మించకూడదు, ఏరియల్ తీగ మూడు మీటర్లు దాటకూడదు, అంతే.

అది ఏఎం రేడియో. మా ఎవరిళ్లలోనూ రేడియో లేదు, కార్లలో తప్ప. అందుకని ఆదివారం పదయ్యేసరికి అందరం కాఫీ కప్పులతో కిందికి దిగి, ఎవరి కారులో వాళ్లం కూర్చునేవాళ్లం. ఎక్కడికీ వెళ్లని కార్ల నిండా మనుషులు. కొత్తగా చేరినవాళ్లు చూసి బెదిరిపోయేవారు. అంకుల్ వాతావరణం చెప్పేవారు, ఎవరు హెడ్‌లైట్లు ఆర్పలేదో చెప్పేవారు, పిల్లల చేత పద్యాలు చదివించేవారు. ఒత్తులన్నీ అమెరికాలో వదిలేసిన మా పిల్లల తెలుగును ఆయనొక్కరే నవ్వకుండా విన్నారు.

నా ఉద్యోగం ఊగిసలాడుతున్న రోజుల్లో, వీసా గడువు గురించి ఆయన దగ్గర ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు. పక్కనున్న ఫోన్ చార్జర్ తిరగేసి, కింద చీమ తలకాయంత అక్షరాల్లో అచ్చేసి ఉన్న ప్రభుత్వ నియమం చూపించారు. "చదువు బిడ్డా. ఇది ఎవ్వరికీ అడ్డం రావద్దు. దీనికి ఎవ్వరు అడ్డమొచ్చినా ఓర్సుకోవాలె. నా రేడియోకు గదే రూలు. నీకూ గదే రాసిండ్రు, కాకుంటె నీ మీద అంటియ్యలే." ఏడుపులోనే నవ్వొచ్చింది. ఆ మాట మా అందరికీ ఊతపదమైంది. మేనేజర్ అరిచినా, అద్దె పెరిగినా, "ఓర్సుకోవాలె" అనుకునేవాళ్లం.

తర్వాత ఆయన భార్యకు, మా ఆంటీకి, మతిమరుపు జబ్బు వచ్చింది. కొన్నాళ్లు ఇంట్లోనే చూసుకున్నారు. పొయ్యి మీద గిన్నె వదిలేసి ఆమె రోడ్డు మీదికి వెళ్లిపోయాక ఇక ఆయన వల్ల కాలేదు. నర్సింగ్ హోమ్ వెతకడానికి ఆయనకు తోడు వెళ్లాను. అందరూ రేటింగులు చూసి ఎంచుకుంటారు. ఈయన చేతి రేడియో ఒకటి పట్టుకుని, ఇంట్లో ట్రాన్స్‌మిటర్‌లో పాట పెట్టి వచ్చి, ఒక్కో చోట కిటికీ దగ్గర నిలబడి విన్నారు. చివరికి మా కాంప్లెక్స్ ఎదురుగా, రోడ్డు అవతలున్న దాంట్లో, మా వైపు కిటికీ ఉన్న గది అడిగి తీసుకున్నారు. బరబరల మధ్య అక్కడికి మాత్రమే ఆయన గొంతు అందేది. ఆ చేతి రేడియో ఆంటీకి ఇచ్చేశారు.

ఆదివారం ప్రోగ్రామ్ అయ్యాక ఆయన రోడ్డు దాటి వెళ్లేవారు. ఓసారి నేనూ వెళ్లాను. ఆంటీ ఆయన్ని ఎగాదిగా చూసి మర్యాదగా అంది: "మా సారు రేడియోల ఉన్నడు. ఇప్పుడే అయిపోయింది, వస్తడు. అందాంక కూసోండ్రి."

"సరే అమ్మా, కూసుంట," అన్నారు అంకుల్. ఎదురుగా కుర్చీ లాక్కుని, అతిథిలాగా కూర్చున్నారు. తన భర్త గురించి ఆమె చెప్పే గొప్పలన్నీ విన్నారు. బయటికి వచ్చాక, "మంచోడేనంట ఆయన," అని నాతో అన్నారు.

నిరుడు మా పార్కింగ్‌లో ఎలక్ట్రిక్ కార్ల చార్జర్లు పెట్టారు. పెట్టమని సంతకాలు పెట్టి అడిగింది మేమే. ఆ ఆదివారం పదింటికి రేడియో అంతా ఒకటే మోత. కారు తగిలించినా లేకపోయినా ఆ మోత ఆగలేదు. కంపెనీవాళ్లు వచ్చి చూసి, అంతా రూల్ ప్రకారమే ఉందన్నారు. లైసెన్స్ లేని స్టేషన్ ఫిర్యాదు చేయడానికి లేదు. ఆంటీ గదిలోనే ఇంకో ట్రాన్స్‌మిటర్ పెడతామని నర్సింగ్ హోమ్‌ని అడిగితే, వైద్య పరికరాలున్నచోట కుదరదన్నారు.

మాలో ఒక కుర్ర కన్సల్టెంట్ ఆవేశపడ్డాడు. "అంకుల్, ఇంకో నాలుగు మీటర్ల తీగ కట్టేద్దాం. ఎవడు కొలుస్తాడు?"

"కొలిస్తె నాకు ఫైను, కడత. నేను సిటిజన్‌ను. తీగ కట్టినోనివి నువ్వు. రేపు వీసా స్టాంపింగ్‌కు పోతె గీ ముచ్చట అడుగుతరు. నీకెందుకురా?"

ఇక మేం సాఫ్ట్‌వేర్ వాళ్లం కదా, మాకు చేతనైంది చేశాం. ఆయన గొంతు రికార్డ్ చేసి, బరబర చుక్క లేకుండా క్లీన్ చేసి, ఖరీదైన స్పీకర్‌లో పెట్టి ఆంటీ మంచం పక్కన ఉంచాం. గొంతు ఎదుటే కూర్చుని మాట్లాడినట్టుంది. మేం మురిసిపోయాం. ఆమె దుప్పటి గడ్డం దాకా లాక్కుంది. "ఎవడు వీడు? మా సారు గొంతు పెట్టుకొని ఒచ్చిండు. పంపియ్యుండ్రి." మళ్లీ బరబర కలిపి తెస్తామన్నాం. ఆ స్పీకర్ చూస్తేనే ఆమె వణుకుతోందని అంకుల్ వద్దన్నారు.

మాలో చాలామందిమి కొత్త ఎలక్ట్రిక్ కార్లు కొన్నాం. వాటిలో ఏఎం రేడియో లేనే లేదు. అయినా ఆదివారం పదింటికి ఆయన బాల్కనీలో మైకు ముందు కూర్చోవడం మానలేదు. ఎవరికీ వినపడదని తెలిసీ ఎందుకు అంకుల్ అని అడిగాను. "ఆ మోత ఎప్పుడన్న ఒక్క నిమిషం ఆగుతదేమో బిడ్డా. ఆగినప్పుడు నేను లేకుంటె ఎట్ల?" అన్నారు. మేం ఇంతమందిమి ఇంజనీర్లం, ఆ ఒక్క నిమిషం ఆయనకు తెచ్చి ఇవ్వలేకపోయాం.

దహనం అయ్యాక వచ్చిన ఆదివారం ఆంటీ దగ్గరికి వెళ్లాను. ఆయన పోయిన సంగతి రెండుసార్లు చెప్పామని, రెండుసార్లూ "అయ్యో, ఎవరు పాపం?" అందని నర్స్ చెప్పింది. చేతి రేడియో ఆమె ఒళ్లో ఉంది. అదే మోత. నేను ఏదో చెప్పబోతే వేలు పెదవుల మీద పెట్టుకుంది.

"ఇయ్యాల జర ఆలస్యమైనట్టుంది. కూసో బిడ్డా, వస్తడు."

అంకుల్ కూర్చునే కుర్చీలో కూర్చున్నాను. ఆమె రేడియోను చెవి దగ్గరికి తీసుకుంది. వినపడలేదనుకుందేమో, సౌండ్ మెల్లమెల్లగా పెంచుతూ చివరిదాకా తిప్పింది. గది నిండా మా కార్ల చార్జర్ల మోత. ఆమె కళ్లు మూసుకుని ఆ మోతలో వెతుక్కుంటోంది.