జంగమ్మ లాగానే ఇంకో అరవై మూడు ఇళ్లు

నాంపల్లి స్టేషన్ ఎదుటి సందులో, కుట్టుమిషన్ల రిపేరు కొట్టు మీద ఇంద్రసేన కేబుల్ ఆఫీసు. అందులో కంప్యూటర్ ముందు కూర్చునే ఇవాంజెలిన్ మెదక్ మిషన్ కాంపౌండులో పుట్టి, చాదర్‌ఘాట్‌లో కిరాయికి ఉంటూ, 1996 నుంచి ఆ ఒక్క కుర్చీనే నమ్ముకున్న మనిషి. డిష్ నుంచి ఇంటింటికీ వైరు లాగిన రోజుల్లో ఆమె పని సుఖంగానే ఉండేది. వైర్లో వచ్చింది అందరికీ వచ్చేది, రానిది ఎవరికీ వచ్చేది కాదు. తిట్టేవాళ్లు కూడా అందరూ కలిసి ఒకేసారి తిట్టేవారు.

2007లో టీవీ పక్కన పెట్టే సెట్‌టాప్ డబ్బాలు వచ్చాయి, వాటితో పాటు శనీ పట్టింది. ఇంటికో డబ్బా, డబ్బాకో నంబరు. ఏ నంబరుకు ఏ చానళ్లు రావాలో సాఫ్ట్‌వేర్‌లో టిక్కులు పెట్టాలి. సిగ్నల్ ఇచ్చే కంపెనీ మూడు ప్యాకేజీలు చేసి, ఏదో ఒకటి ఎంచుకోమంది. నాంపల్లిలో పుట్టినవాడెవడైనా ఇచ్చినదాంతో సరిపెట్టుకుంటాడా? లాడ్జి కిషన్‌కు చిన్న ప్యాకేజీయే కావాలి, కానీ క్రికెట్ రావాలి. కోటేశ్వరమ్మగారికి పెద్దదే కావాలి, కానీ అందులోని ఇంగ్లీషు చానళ్లకు బదులు కన్నడం రావాలి. కాదనడమనే విద్య ఓనరు ఇంద్రసేనకు పుట్టుకతోనే అబ్బలేదు. అబిడ్స్‌లో చాయ్ తాగుతూ ఎవరికో మాటిచ్చేసి, ఫోన్ చేసి, మనోడే జర చూడమనేవాడు. మనోడు కానివాడు ఈ నాంపల్లిలో ఎవడో ఇవాంజెలిన్‌కు ఇప్పటికీ తెలియదు. మాట ఆయనది, చాకిరీ ఈమెది.

వీళ్లలో పూల బండి జంగమ్మ ఒక్కతికే లెక్క చక్కగా కుదిరింది. చిన్న ప్యాకేజీ, దాని మీద రెండు సీరియల్ చానళ్లు, ఒక సినిమాలది, ఒక భక్తిది. అది చూసి బస్తీ అంతా జంగమ్మకిచ్చినట్టే మాకూ ఇమ్మని ఎగబడింది. టిక్కులు పెట్టి పెట్టి వేలు నొప్పి పుట్టిన ఇవాంజెలిన్‌కు, సాఫ్ట్‌వేర్‌లో ఒక మూల ‘ఫలానా కస్టమర్ లాగానే’ అనే బటన్ కనబడింది. ఇంకేం, అరవై మూడు ఇళ్లకు అర పూటలో పనైపోయింది. ఆ రోజు దేవునికి స్తోత్రం చెప్పుకుని పెందలాడే ఇల్లు చేరింది.

2009 మే నెలలో ఓ మధ్యాహ్నం జంగమ్మ ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. కూతురు జమున పదో తరగతి లెక్కల్లో తప్పింది, నెల తిరిగితే మళ్లీ పరీక్ష. భక్తి చానల్ ఒక్కటి ఉంచి మిగతావన్నీ తీసెయ్యమంది.

"ఈసారి గూడ తప్పితే నాతోటి పూల బండి కాడ నిలవడతది బిడ్డా. నా బతుకు దానికొద్దు."

ఇన్నేళ్లలో తీసెయ్యమని అడిగిన మొదటి మనిషి. ఇవాంజెలిన్‌కు ప్రాణం లేచొచ్చింది. పరీక్ష అయ్యేదాకా ఎవరు చెప్పినా తిరిగి ఇవ్వనని మాటిచ్చి, టిక్కులు తీసేసింది.

పది నిమిషాల్లో ఫోన్లు మొదలయ్యాయి. అరవై మూడు ఇళ్లలోనూ సీరియళ్లు లేవు, సినిమాలు లేవు, భజనలే భజనలు. అప్పుడు అర్థమైంది ఆమెకు. ఆ బటన్ ఒకసారి చూసి రాసుకునేది కాదు, ముడి వేసేది. జంగమ్మకు ఉంటే అందరికీ ఉంటుంది, జంగమ్మకు పోతే అందరికీ పోతుంది. ఇంద్రసేన ఊడిపడ్డాడు. జంగమ్మకు మళ్లీ ఇచ్చేస్తే నిమిషంలో అయిపోతుంది కదా, ఒక్క పిల్ల కోసం బస్తీ నోట్లో పడాలా అన్నాడు. నిజమే, నిమిషం పనే. కానీ ఇవాంజెలిన్‌కు ఒళ్లు మండిపోయింది.

"మీరిచ్చిన మాటలన్ని రెండేండ్ల సంది నేనే నిలవెడుతున్న సార్. ఇది నేనిచ్చిన మాట."

అని కూర్చుంది. ఒక్కో ఇంటి ముడీ విప్పి, ఒక్కో టిక్కూ మళ్లీ పెట్టింది. ఒక చెవిలో ఫోన్, రెండో చెవిలో ఇంద్రసేన. నాలుగింటికి మొదలుపెడితే, జంగమ్మకు అటూ ఇటూ ఉన్న ఆఖరి ఇళ్లు ఏడింటికి తెమిలాయి. జంగమ్మ ఇంట్లో మాత్రం భజనలే మిగిలాయి.

మర్నాడు జంగమ్మ మళ్లీ వచ్చింది. కనీసం ఓ మూర మల్లెపూలైనా తెస్తుందనుకుంది ఇవాంజెలిన్. ఆమె వట్టి చేతులతో, ముఖం వేలాడేసుకుని నిలబడింది.

"భజనలొద్దని అందరు టీవీలు బంద్ వెట్టిన్రు, నిన్న మా దిక్కంత సప్పుడు లేకుండె బిడ్డా. మూడు గంటలు తల ఎత్తకుండ లెక్కలు చేసింది మా జమున. ఏడింటికి ఈ గోడకు, ఆ గోడకు టీవీలు షురువైనయి. చెవులు మూసుకొని ఏడ్సింది. నిన్న చేసినట్టే అందరికి జర బంద్ వెట్టరాదు?"

ఇవాంజెలిన్‌కు కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. మాట నిలబెట్టుకుంటున్నానని మురుస్తూ, ఆ పిల్లకు దొరికిన కాస్త నిశ్శబ్దాన్నీ ఒక్కో ఇంటికీ టిక్కు పెడుతూ తన చేత్తోనే తీసేసింది. పోనీ పిల్లను ఇక్కడ కూర్చోబెడదామా అంటే, ఆఫీసు గోడ నిండా సిగ్నల్ చూసుకోడానికి పెట్టిన, పొద్దంతా మోగే పద్నాలుగు టీవీలు. అందరి గొంతెమ్మ కోరికలూ తీర్చిన మనిషి, న్యాయమైనది ఒకటి అడిగితే కుదరదక్కా అనాల్సి వచ్చింది.

జంగమ్మ తలూపి మెట్లు దిగింది. ఇవాంజెలిన్ కిటికీలోంచి చూసింది. పూల బండి అబిడ్స్ వైపు కదులుతోంది. బండికి రెండో పక్క చెయ్యి వేసి జమున తోస్తోంది.