విశుద్ధ చక్రం దగ్గర ఆగిన గొంతు

కిందటేడు వానాకాలం. జూబ్లీ హిల్స్‌లోని ఒక ఈఎన్‌టీ క్లినిక్‌లో నేను స్పీచ్ థెరపిస్ట్‌ని. ఒక ఉదయం కృష్ణానగర్ నుంచి సునంద అనే డబ్బింగ్ ఆర్టిస్ట్ వచ్చింది. సీరియల్ హీరోయిన్లకు గొంతు అరువిచ్చే మనిషి. ఆమె నోట గుసగుస తప్ప ఏమీ రావడం లేదు.

భర్త యాదగిరి చెప్పాడు. "ఒక సినిమాల యోగిని పాత్రకు డబ్బింగ్ మేడం. కింది చక్రం కెల్లి ఒక్కోదానికి ఒక్కో అక్షరం అనాలె. లం, వం, రం, యం అన్నది. కంఠం కాడి విశుద్ధ చక్రానికి 'హం' అనంగనే గొంతు బందయింది. గప్పటికెల్లి గిట్లనే."

సునంద నా చెవి దగ్గరకు వంగింది. "గురువు ఉపదేశం లేకుండ బీజాక్షరం అన్న మేడం. అమ్మవారు గొంతు తీస్కపోయింది."

ఈ వారం గొంతు రాకపోతే సీరియల్ వేరేవాళ్లకు పోతుంది. వాళ్ల ఇల్లు నడిచేదే ఆ గొంతు మీద.

డాక్టర్‌గారు లారింగోస్కోపీ చేశారు, అంటే గొంతులోకి కెమెరా దింపి చూశారు. స్వరతంత్రులు శుభ్రంగా ఉన్నాయి. దగ్గమంటే గట్టిగానే దగ్గింది. దీన్ని ఫంక్షనల్ ఎఫోనియా అంటాం. అవయవం బాగానే ఉన్నా భయానికో దిగులుకో స్వరం పలకదు. ఆ దగ్గునే 'మ్' అని సాగదీయిస్తే మెల్లగా మాట వస్తుంది.

కానీ 'మ్' అనమంటే చాలు, పెదాలు బిగించేస్తోంది. అది 'హం'కి దగ్గరగా ఉందట.

"అవన్నీ ఏం లేవమ్మా," అన్నాను అన్నీ తెలిసినదానిలా. ఆమె మొహం ఇంకా పాలిపోయింది.

నాకు విసుగొచ్చింది. "సరే, నేనే ముందు అంటాను. ఏదైనా కీడుంటే నాకే తగలనీ," అన్నాను. అన్నాక చిన్నప్పటి సంగతి గుర్తొచ్చింది. మా నానమ్మ జపం చేస్తుంటే మమ్మల్ని దరిదాపులకు రానిచ్చేది కాదు. నా గొంతూ పోతే? నా బతుకూ మాట మీదేగా. నిజం చెప్తున్నాను, భయమేసింది. అయినా కళ్లు మూసుకుని 'హ...' అన్నాను.

సునంద నా చెయ్యి పట్టి లాగింది. "వద్దు మేడం, మీరు అనకుండ్రి! మీకేమన్న అయితది!"

గది మారుమోగింది. యాదగిరి దిగ్గున లేచాడు. తన గొంతు తనే విని బెదిరిపోయి, సునంద నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఇప్పుడు మాట్లాడిందెవరు?" అని అడిగాను.

"నేనే," అంది. గుసగుస కాదు, మాట.

భయం గొంతు నొక్కుతుందని చదువుకున్నాను. ఎదుటిమనిషి కోసం పడే భయం అదే గొంతును విప్పుతుందని ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు గొంతు పోయిందని ఎవరొచ్చినా 'అవన్నీ ఏం లేవమ్మా' అనను. నాకూ భయమేనని చెప్పి పక్కన కూర్చుంటాను.