చాందిని ఎడమ ముందు గిట్ట

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, ఒక జూన్ నెలలో నన్ను జహనుమా దగ్గరి పశువైద్యశాలకు అసిస్టెంట్ డైరెక్టర్‌గా బదిలీ చేశారు. డెయిరీల బర్రెలు, మేకలు పోగా, మా పరిధిలో ఒక ప్రైవేటు గుర్రపుశాల ఉండేది. సొంత గుర్రాలున్న కొందరు వాటిని నెలవారీగా అక్కడ ఉంచేవారు. ఉదయం పూట స్వారీ పాఠాలు జరిగేవి. ప్రతి సోమవారం వెళ్లి గుర్రాలను చూసి రావడం నా విధి.

శాల నడిపే ఖలీల్ భాయ్ ఒకరోజు నవ్వుతూ అన్నాడు: "డాక్టర్ సాబ్, ఇన్నేండ్ల సంది గుర్రాలకు సూదులేస్తున్నరు. ఒక్కసారన్న ఎక్కిన్రా?"

సర్వీసులో నేను పైకి ఎక్కింది తక్కువ, గుర్రం ఎక్కింది అంతకంటే తక్కువ. పాఠాలకు చేరిపోయాను. నాకిచ్చింది చాందిని అనే తెల్ల ఆడగుర్రం. అది నయాపూల్ దగ్గర ప్రాక్టీసు చేసే ఒక వకీలుది. పాఠాలకు వాడుకోవచ్చుగానీ ఇసుక పోసిన ఆవరణ దాటించకూడదని ఆయన షరతు. రెండు నెలలు జీను మీద నేను కూర్చున్నానో, జీనే నన్ను భరించిందో చెప్పడం కష్టం.

ఒక మంగళవారం మొదటిసారి జూలు పట్టుకోకుండా ట్రాట్ చేశాను. ట్రాట్ అంటే నడకకూ పరుగుకూ నడిమి వేగం. ఆ సంబరంలో, ఖలీల్ భాయ్ గడ్డి లారీ దింపించడానికి వెనక్కి వెళ్లిన సమయం చూసి, చాందినిని గేటు దాటించి సిమెంటు రోడ్డెక్కించాను. నన్ను నలుగురు చూడాలని తప్ప వేరే కారణం లేదు. యాభై అడుగులు పోయామో లేదో, కంకర రాయి మీద దాని కాలు పడి తూలింది. వెనక్కి తెచ్చి కట్టేశాను. ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు చాందిని ఎడమ ముందు కాలు కుంటుతోందని కబురొచ్చింది. సోమవారం నాడే దానికి కొత్త నాడాలు కొట్టినవాడు యాదగిరి. గిట్టలకు నాడాలు బిగించే అతన్ని శాలలో నాల్‌బంద్ అనేవారు. నాడాను బిగించే మొల గిట్ట లోపలి కండకు దగ్గరగా దిగితే గుర్రం కుంటుతుంది గనుక అనుమానం అతని మీదికే పోయింది. వకీలు గారు కారణం రాతపూర్వకంగా కావాలన్నారు.

దానికొక పద్ధతుంది. గిట్ట వేడి చూడాలి, పట్టకారుతో ఒక్కో మొల చుట్టూ నొక్కాలి, గుర్రం ఎక్కడ కాలు లాక్కుంటే అక్కడ దోషం. నేను వేడి చూసి కాలు కింద పెట్టేశాను.

"మొలలు నొక్కి చూడుండ్రి సాబ్. నా మొల తప్పైతే నేనే ఒప్పుకుంట," అన్నాడు యాదగిరి.

"అక్కర్లేదు, తెలుస్తూనే ఉంది," అన్నాను.

అతను గిట్ట ఎత్తి, అంచున రాసుకుపోయిన గీతలు వేలితో తడిమి, ఖలీల్ భాయ్ ముందే అడిగాడు: "నిన్న దీన్ని సిమెంటు మీదికి తీస్కపోయిన్రా సాబ్?"

"లేదు."

"సరే సాబ్. మీరు రాసేటోళ్లు. మేం కొట్టేటోళ్లం."

'మొల దగ్గరగా దిగినందువల్ల' అని రాసి సంతకం, ముద్ర వేశాను. యాదగిరిని ఇక రావద్దన్నారు. ఆ శాల పనితోనే అతని ఇల్లు నడిచేదని నాకు తెలుసు.

శుక్రవారం ఆ గిట్టకున్న నాడా తీసి, పట్టకారుతో నొక్కాను. మొలలన్నీ సరిగ్గానే ఉన్నాయి. మొలలకు దూరంగా, గిట్ట అడుగున రాయి పడిన చోట ఎర్రగా కమిలి ఉంది. కట్టు కట్టాను. కాగితం మాత్రం దిద్దలేదు. గుర్రం పన్నెండు రోజుల్లో కోలుకుంది. నాకు ఇంకో ఇరవై రోజులు పట్టింది. అప్పుడు నా దగ్గరున్న సర్టిఫికెట్ నకలు కింద అసలు కారణం, నేను చేసిన పని రాసి, తేదీ వేసి శాలకు తీసుకెళ్లాను.

ఖలీల్ భాయ్ రెండుసార్లు చదివాడు. "గుర్రం బాగైనంక ఇదెందుకు సాబ్? కొత్తోడు కుదిరిండు. వాణ్ణి ఏమని పొమ్మంట?" అని మడిచి జేబులో పెట్టుకున్నాడు. నన్ను తిట్టలేదు. పాఠాలకు రమ్మనీ అనలేదు.

యాదగిరి ఇంటికి వెళ్లాను. అప్పటికే చార్మినార్ దగ్గర ఒక గాజుల దుకాణంలో మూటలు మోసే పనికి కుదిరాడు. కాగితం సంగతి చెప్పాను. కూర్చోమన్నాడు, చాయ్ ఇప్పించాడు. "ఆనాడు నొక్కి చూస్తే అయిపోతుండె గద సాబ్," అన్నాడు. పనిముట్ల సంచి అప్పటికే అమ్మేశాడట.

ఆ ఉదంతం నాకు రెండు సంగతులు నేర్పింది. పరీక్ష చేయనిచోట 'పరీక్ష చేయలేదు' అని రాయాలి. జబ్బులో తన చేయి ఉన్న డాక్టరు ఆ కేసును మరొకరికి అప్పగించాలి. మిగిలిన సర్వీసంతా ఈ రెండూ తప్పలేదు. యాదగిరి మాత్రం మళ్లీ నాడాలు కొట్టలేదు.