మేస్త్రి చూసిన స్పెయిన్ సినిమా

మా మేస్త్రి పోయాడన్న కబురు, నేను వేరే సైటులో ఉండగా, డ్రైవర్ భాయ్ ఫోన్లో చెప్పాడు. సౌదీలో, తబూక్ శివార్లలో కడుతున్న ఇళ్ల దగ్గర, పని దిగి బస్సు కోసం కూర్చున్నవాడు కూర్చున్నట్టే గోడకు ఒరిగిపోయాడట. "నీళ్ల సీసా ఇచ్చిన భాయ్. పట్టుకోలే," అన్నాడు. డ్రైవర్‌ది హైదరాబాద్. మా గదిలో అరబ్బీ చదవగలిగేది ఆయనొక్కడే.

మేస్త్రిది జగిత్యాల దిక్కు, మా పక్క ఊరే. నాకు టైల్స్ పని నేర్పింది ఆయనే. వేసిన ప్రతి టైలునూ వేలి కణుపుతో కొట్టి చెవి ఆనించి వినేవాడు. "బోలుంది, తియ్యి," అనేవాడు, అంతే. కోపం చేసేవాడు కాదు. తీసి మళ్లీ వేసేదాకా పక్కనే కూర్చుని సిమెంటు కలిపి అందించేవాడు. ఇవాళ నేను నాలుగు చోట్ల పని చేసుకోగలుగుతున్నానంటే ఆ ఓపిక వల్లే. సెలవు రోజున గదిలో అందరికీ పచ్చిపులుసు చేసేవాడు. ఎవరైనా బాగుందంటే ఉప్పు తక్కువైందనేవాడు.

ఆయనకు జరిగింది ఊరందరికీ తెలుసు కాబట్టి దాచేదేమీ లేదు. చిన్ననాటి దోస్తుకు తనే వీసా తీయించి తబూక్ రప్పించాడు. ఇద్దరివీ పక్కపక్క మంచాలు. దోస్తు సెలవు మీద ఇంటికి వెళ్తుంటే మేస్త్రి తన భార్య కోసం ఒక దుప్పటి, అత్తరు సీసా కట్టి ఇచ్చాడు. "నువ్వే పోయి ఇయ్యి. ఎట్లున్నదో చూసి నాకు చెప్పు," అన్నాడు. దోస్తు వెళ్లి ఇచ్చాడు. తిరిగి తబూక్ రాలేదు. కొన్నాళ్లకు ఆమె అతనింటికే వెళ్లిపోయిందని తెలిసింది.

మేస్త్రి ఆ రోజు కూడా పనికి వెళ్లాడు. ఆ తర్వాత ఎన్నడూ సెలవు అడగలేదు. ఊరికి పోయి పంచాయితీ పెట్టించమని నేను పోరాను.

"ఎక్సిట్ వీసా కొట్టిచ్చుకొని ఊరికి పోతె ఏ ఇంట్ల దిగాలె?" అన్నాడు.

ఆమె విడాకులు అడిగితే మాత్రం ఇవ్వలేదు. "అన్నీ తీస్కున్నరు. మొగడన్న పేరొక్కటి ఉండనీ," అన్నాడు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం టీవీలో స్పెయిన్ సినిమా వచ్చింది. పాత కాలపు కథ. గుర్రబ్బగ్గీలు, ద్రాక్షతోటలు, నేల మీద జీరాడే గౌన్లు. కింద వస్తున్న అరబ్బీ అక్షరాలు చదివి భాయ్ మాకు కథ చెబుతున్నాడు. తోట యజమాని తన చిన్ననాటి స్నేహితుణ్ణి ఇంట్లో ఉండమని పిలుస్తాడు. యజమాని భార్యకూ ఆ స్నేహితుడికీ మనసులు కలుస్తాయి. లావుపాటి భర్త కనబడినప్పుడల్లా గదిలో వాళ్లు నవ్వారు. నేను ఛానల్ మార్చబోయాను.

"ఉండనీ," అన్నాడు మేస్త్రి.

చివరికి ప్రేమికులిద్దరూ బగ్గీ ఎక్కి వెళ్లిపోయారు. గదిలో చప్పట్లు. భర్త ఒక్కడే తోటలోకి నడిచాడు. తెర మీద మాత్రం బగ్గీయే కనబడుతూ ఉంది, దుమ్ములో కలిసిపోయేదాకా.

"అందరు బండెంబడే పోయిండ్రు," అన్నాడు మేస్త్రి. "ఆయనెటు పోయిండో ఒక్కలు గూడ చూడలే."

భాయ్ టీవీ శబ్దం తగ్గించి అడిగాడు. "ఆ ఔరత్, బగ్గీల పోయినామె, చెడ్డదంటవా, మేస్త్రీ?"

"మంచిదే. అదే కష్టం," అన్నాడు. "చెడ్డదైతే ఎప్పుడో మర్సిపోతుంటి."

సౌదీలో మనవాళ్లకు దహనం కుదరదు. శవం ఇంటికి చేరాల్సిందే. పంపడానికి భార్య ఒప్పుకోలు కావాలన్నారు. ఆయన పట్టుబట్టి నిలుపుకున్న పేరు చివరికి అందుకు పనికొచ్చింది. ఆమె సంతకం పెట్టింది. ఆఫీసుల చుట్టూ తిరిగి ఆ కాగితాలు పంపింది ఆ దోస్తే. నాకది ఇప్పటికీ మింగుడుపడదు. నెల దాటాక శవపెట్టెతో పాటు నేనూ ఊరికి వచ్చాను.

పాడె లేపేటప్పుడు దోస్తు భుజం పెట్టబోయాడు. మేస్త్రి తమ్ముడు అతని చెయ్యి తోసేశాడు. అతను అందరికంటే వెనక నడిచాడు. మంట తగ్గేదాకా దూరంగా నిలబడ్డాడు.

మర్నాడు నేను రోడ్డు మీద బస్సు కోసం చూస్తుంటే మేస్త్రి భార్య వచ్చింది. జుట్టు సగం నెరిసింది.

"తమ్మీ, ఆయన నా గురించి ఏమన్న అంటుండెనా?"

"ఏం అనలే, వదినా."

"తిట్టనన్న తిట్టలేదా?"

"లేదు."

తిట్టాడని అబద్ధం చెబితే ఆమెకు కొంత తేలికయ్యేదేమో. నాకు చెప్పబుద్ధి కాలేదు. ఆమె కల్వర్టు గోడ మీద కూలబడింది. కాసేపటికి దోస్తు మోటారుసైకిల్ మీద వచ్చి కొంచెం దూరంలో ఆగాడు. పిలవలేదు, ఇంజనూ ఆపలేదు. ఆమె తల తిప్పలేదు. నేనెక్కిన బస్సు మలుపు తిరిగేదాకా ఆమె అట్లాగే కూర్చుని ఉంది, అతని బండి అట్లాగే కొట్టుకుంటూ ఉంది.