అక్క నోట్లో చేదు

దయ్యాలు, శకునాలు అంటే నాకు నవ్వొస్తుంది. పెబ్బేరులో కాలిన మోటార్లకు తీగ చుట్టి బతికేవాణ్ణి, టెస్టర్ వెలిగితేనే కరెంటు ఉందంటాను. ఇది మాత్రం జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

రెండేళ్ల కింద నా కాలేయం పూర్తిగా చెడిపోయింది. వడ్డేపల్లి దగ్గర ఉండే మా అక్క తన కాలేయంలో సగానికి పైగా ఇచ్చింది. అప్పటి నుంచి పొద్దున తొమ్మిదికి, రాత్రి తొమ్మిదికి మాత్రలు. అవి మానితే ఒళ్లు ఆ ముక్కను పరాయిదనుకుని పాడుచేస్తుందని డాక్టరు నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాడు.

పోయిన వానాకాలం కళ్లు పచ్చబడ్డాయి. మళ్లీ ఆపరేషన్ అంటారేమోనని భయపడి దవాఖానకు పోలేదు. సంతకు ఎడ్లు తోలుకొచ్చిన ఒకాయన, "కామెర్లకు పసరే మందు. మూడు ఆదివారాలు తాగు. గా ఇంగ్లీషు గోలీలు బంద్ పెట్టాలె," అన్నాడు. నా బుద్ధి గడ్డి తిన్నది.

ఆదివారం, బోరులో మోటారు దింపే పనుందని ఇంట్లో చెప్పి, వనపర్తి దారిలో పసరు పోస్తారని ఆయన చెప్పిన ఊరికి పోయాను. పసరు సంగతి ఎవరికీ చెప్పలేదు. తొమ్మిది గంటల మాత్రలు వేసుకోలేదు. పదింటికి పసరు దొప్ప చేతికొచ్చింది. నోట పెట్టబోతుంటే ఫోను మోగింది. అక్క.

ఆ వేళ అక్క ఫోను చేయదు. విత్తనపత్తి చేలో ఉంటుంది. మధ్యాహ్నంలోపు పువ్వు పువ్వుకూ పుప్పొడి అద్దాలి, చేయి తీరదు.

"తమ్మీ, నోరంతా చేదు విషమైతుంది. మంచినీళ్లు గుడ మింగుడు పడ్తలేవు. నువ్వేమన్న తాగుతున్నవా?"

దొప్ప కింద పెట్టి అంతా చెప్పేశాను.

"ముందుగాల గోలీలు ఏసుకో. నా కార్జం కోసిచ్చిన్రా నీకు, పారబొయ్యకు," అన్నది.

మాత్రలు జేబులోనే ఉన్నాయి, వేసుకున్నాను. అట్నుంచి అటే హైదరాబాద్ బస్సెక్కాను. పరీక్షలు చేసి మందుల మోతాదు మార్చారు. మాత్రలు మాని పసరు తాగి ఉంటే కాలేయం దక్కేది కాదన్నారు.

కోసిచ్చిన ముక్కకూ, ఇచ్చిన మనిషికీ ఏ సంబంధమూ ఉండదని డాక్టరు చెప్పాడు. నమ్ముతాను. అక్కను అడిగితే, "నాకేం ఎర్క," అంటుంది.

తర్వాత ఆమెతో పనిచేసే ఆడవాళ్లు ఒక మాట చెప్పారు. నాకు ఫోను చేసే ముందు అక్క గట్టు మీద కూలబడి రెండుసార్లు ఉమ్మిందట. ఆకుపచ్చగా, పసరు లాగే ఉందట. అప్పటికి నేనింకా ఒక్క చుక్క తాగలేదు.