తవ్వకంలో దొరికిన ఇద్దరు

2022 ఎండాకాలం. తెనాలిలో ఒక స్కానింగ్ సెంటర్‌లో సీటీ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. ఒక ఆదివారం పేషెంట్లు లేని పూట, బాపట్లకు చెందిన పరిశోధకురాలు షాహీన్ గారు రెండు అట్టపెట్టెలతో వచ్చారు. వెంట రేపల్లె దగ్గరి పల్లె నుంచి వెంకాయమ్మ గారు, ఆవిడ భర్త సుబ్బారావు గారు. వాళ్ళ పొలంలో చేపల చెరువు తవ్వుతుంటే పక్కపక్కనే రెండు పుర్రెలు బయటపడ్డాయట. చాలా పాతకాలపువి. మ్యూజియానికి పంపేలోపు అవి ఆడవాళ్ళవో మగవాళ్ళవో అంచనా వెయ్యడం షాహీన్ గారి పని.

పుర్రెలకు మట్టి గట్టిగా పట్టేసింది. గీకితే ఎముక విరుగుతుంది. సీటీ స్కాన్‌లో అయితే మట్టిని కదిలించకుండానే లోపలిదాకా కొలవొచ్చు. కానీ మనుషుల తల ఆన్చే హోల్డర్‌లో పుర్రె నిలవలేదు. వెంకాయమ్మ గారు నా చేతిలోని తువ్వాలు తీసుకుని, మెలిపెట్టి, చుట్టకుదురులా చేసి ఇచ్చారు.

"నిదానంగా పెట్టమ్మా, పడుకున్నోళ్ళు," అన్నారు.

చెవి వెనక తడిమితే తగిలే బొడిపె ఎముకను మాస్టాయిడ్ అంటారని, సాధారణంగా మగవాళ్ళలో అది పెద్దదిగా ఉంటుందని షాహీన్ గారు వాళ్ళకు వివరించారు. వెంకాయమ్మ గారు వెంటనే తన చెవి వెనక తడిమి చూసుకున్నారు. తర్వాత భర్త చెవి వెనక. ఆయన సిగ్గుపడి పక్కకు జరిగారు.

ఆ పుర్రెలు భార్యాభర్తలవేనని ఊళ్ళో అందరూ అప్పటికే నిర్ణయించేశారు. షాహీన్ గారు ఫోన్ మాట్లాడటానికి బయటికి వెళ్ళినప్పుడు నేను కొలతలు తీశాను. మొదటి పుర్రెలో ఆ ఎముక చిన్నది. రెండోదాంట్లో పెద్దదిగా వచ్చింది. "ఈయన మగమనిషేనండి," అని నోరు జారాను.

"నే చెప్పలా? మొగుడూ పెళ్ళాలే," అన్నారు వెంకాయమ్మ గారు భర్త వైపు తిరిగి. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మర్నాడు ఫైల్ పంపేముందు మళ్ళీ చూసుకుంటే నా తప్పు కనపడింది. రెండో పుర్రె తువ్వాలు మీద ఒక పక్కకు ఒరిగి ఉంది. స్క్రీన్ మీద దాన్ని నిటారుగా తిప్పుకుని, రెండు వైపులూ సమంగా వచ్చాక కొలవాలి. నేను ఒరిగిన బొమ్మనే కొలిచేశాను. సరిచేసి కొలిస్తే రెండు పుర్రెల్లోనూ ఆ ఎముక ఇంచుమించు ఒకేలా, చిన్నదిగానే వచ్చింది. షాహీన్ గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ పుర్రెల్లో కనుబొమల దగ్గరి ఎముక గట్టుతో సహా అన్నీ తిరిగి కొలిచి, ఇద్దరూ ఆడవాళ్ళే అయ్యే అవకాశం ఎక్కువని, పుర్రెలు మాత్రమే చూసి అంతకంటే గట్టిగా చెప్పలేమని అన్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. వెంకాయమ్మ గారితో తను మాట్లాడతానన్నారు. నేనే వెళ్తానన్నాను.

ఆ వచ్చే ఆదివారం రైల్లో రేపల్లె వెళ్ళి, అక్కణ్ణుంచి బస్సెక్కాను. వాళ్ళింట్లో బల్ల మీద పసుపు కుంకుమ, కొత్త చీర, కొత్త పంచె. పుర్రెలను పంపేముందు దంపతులకు బట్టలు పెట్టాలని వీధి వీధినంతా పిలిచారట. ఇద్దరూ ఆడవాళ్ళే అయ్యుండొచ్చని, కొలతలో తప్పు నాదేనని చెప్పాను. వెంకాయమ్మ గారు బల్ల మీది పంచె వైపు చూశారు.

"మరి ఒకళ్ళకొకళ్ళు ఏమవుతారమ్మా?"

"ఎముకలు ఆ సంగతి చెప్పవు పిన్నిగారూ."

ఆవిడ ఆలోచించారు. "అక్కచెల్లెళ్ళో, తోడికోడళ్ళో. పక్కపక్కనే పడుకోబెట్టారంటే కావాల్సినోళ్ళే అయ్యుంటార్లే."

పంచె తీసి భర్త చేతిలో పెట్టి, ఇంకో చీర తెమ్మని ఆయన్ను రేపల్లె పంపారు. నన్ను అన్నం తినందే కదలనివ్వలేదు.

ఇప్పటికీ స్కాన్ గది బయట ఆత్రంగా నిలబడి "ఏం కనపడిందండి?" అని అడిగేవాళ్ళు రోజూ ఉంటారు. వాళ్ళు వినాలనుకునే మాట చెప్పెయ్యాలని నాకూ అనిపిస్తుంది. కానీ కొలత ఎక్కడ ఆగుతుందో నా మాటా అక్కడే ఆగాలి. దాటితే, వెళ్ళి దిద్దుకోవాల్సింది కూడా నేనే.