ఎదురెదురు నడక

మా పెద్దమ్మ మాట మానేసింది మొగుడితో మాత్రమే. మిగతా లోకంతో దానికి రెట్టింపు మాట్లాడేది. ముందుగదిలో కిటికీ కింద ఆమె కుట్టుమిషను. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు కొలతలిచ్చి వెళ్ళేలోపు వాళ్ళింటి సంగతులన్నీ రాబట్టేది. మెడలో టేపు, పెదాల మధ్య గుండుసూదులు, అయినా మాట ఆగేది కాదు. నోట్లో గుండుసూదులు పెట్టుకుని అంత స్పష్టంగా మాట్లాడే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

పెదనాన్న బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. "ముందుకి జరగండి, ముందుకి జరగండి" అని అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. ఇంట్లో ఆ గొంతుకి పని లేదు. పొద్దున్నే పేపరు చదివి, పెద్దమ్మ మిషనుకి నూనె వేసి, కత్తెరలు సాన పట్టించుకొచ్చి పెట్టేవాడు. పెద్దమ్మ అవి వాడేది. ఎవరు తెచ్చారని మాత్రం అడిగేది కాదు.

మందుల షాపులో ఉద్యోగం దొరికి నేను వాళ్ళింట్లో ఉండటానికి వచ్చేనాటికే ఈ మౌనం పాతబడిపోయింది. నా అసలు ఉద్యోగం ఏమిటో మొదటి రోజే తెలిసొచ్చింది. ముగ్గురం ఒకే బల్ల దగ్గర కూర్చుని తింటుంటే పెద్దమ్మ నావైపు తిరిగి, "మీ పెదనాన్నని ఇంకాస్త కూర వేసుకోమను" అంది. ఆయన కూడా నాతోనే, "చాలని చెప్పు" అన్నాడు. ఇటుది అటు, అటుది ఇటు చెప్పేసరికి నా అన్నం చల్లారిపోయింది. కొన్నాళ్ళకి ఒళ్ళు మండి, "మీ మధ్య నలగడానికి నాకేం ఖర్మ" అన్నాను. పెద్దమ్మ తాపీగా, "ఆ మాట ఆయనకి కూడా చెప్పు" అంది.

కారణం మా అమ్మ చెప్పింది. ఒక సాయంత్రం, అమ్మమ్మకి బాగాలేదని, పెద్దకూతుర్ని చూడాలంటోందని ఫోన్ వస్తే పెదనాన్న తీశాడట. బయట కుండపోత వాన. పెద్దమ్మ బడిపిల్లల యూనిఫారాల పనిలో తలమునకలై ఉంది. ఆయన ఆ కబురు కడుపులో దాచుకుని తెల్లారాక చెప్పాడు. పెద్దమ్మ చేరేసరికి అమ్మమ్మ లేదు. పెద్దమ్మ అరవలేదు, ఆయన్ని వదిలి పోలేదు. తిరిగొచ్చి, మిగిలిన యూనిఫారాలు కుట్టి ఇచ్చేసింది. పని ఆగిపోతుందనే ఆయన దాచాడని ఆమె నమ్మకం. ఆయన అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

ఊరి చివర కొండ మీద ఒక చుట్టుబాట ఉంది. గేటు దగ్గర మొదలై, చెట్ల మధ్యగా ఎక్కి, లోయ అంచు వెంట సాగి, కొండ అవతలి పక్కగా దిగి మళ్ళీ అదే గేటుకి చేరుతుంది. ఆదివారం పొద్దున్నే దాన్ని చుట్టి రావడం పెళ్ళైన కొత్తలో నుంచీ వాళ్ళకి అలవాటు. మాటలు పోయాక కూడా ఎవరి నడక వాళ్ళదేనని ఇద్దరూ పట్టుబట్టారు. చివరికి పెద్దమ్మ గేటు నుంచి కుడికి, పెదనాన్న ఎడమకి వెళ్ళడం మొదలైంది. గుండ్రటి దారిలో ఎదురెదురుగా నడిస్తే మధ్యలో మొహాలు చూసుకోక తప్పదు. ఇంత చిన్న సంగతి ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదనుకోవడానికి నేనంత అమాయకురాలిని కాదు.

వాళ్ళు ఎదురుపడేది సరిగ్గా లోయ మీద. అక్కడ దారి ఒక మనిషి పట్టేంతే ఉంటుంది. ఒక పక్క పెద్ద బండ, ఇంకో పక్క చెక్క కటకటాలు, వాటి అవతల ఏమీ లేదు. ఎక్కడో అడుగున నీళ్ళ చప్పుడు వినిపిస్తుంది. ముందుగా చేరేది ఎప్పుడూ పెదనాన్నే. పెద్దమ్మ రాగానే వీపు లోయకి పెట్టి, కటకటాలకి ఆనుకుని నిలబడేవాడు. పెద్దమ్మ బండ పక్కనుంచి తల తిప్పకుండా దాటిపోయేది. ఆయన ఏనాడూ ఆమెని అంచు వైపు నడవనివ్వలేదు. నేను ఒక వారం ఆమెతో, ఒక వారం ఆయనతో బయల్దేరి, ఆ ఇరుకులో అటూ ఇటూ కబుర్లు అందించేదాన్ని. "పాలు తెమ్మను." "తెచ్చానని చెప్పు." అంతే.

వారమంతా వానలు కురిసి తెరిపిచ్చిన ఒక ఆదివారం నేను పెద్దమ్మతో వెళ్ళాను. ఆకులు తడిసి బరువెక్కి ఉన్నాయి. దారంతా ఆమె ఎవరిదో జాకెట్టు చంక దగ్గర పట్టేసిందని, తప్పు గుడ్డదే గానీ తనది కాదని వాదిస్తూ నడిచింది. బండ మలుపు తిరగ్గానే ఆ వాదన ఆగిపోయింది.

పెదనాన్న అక్కడ లేడు. ఆయన ఆనుకునే చోట కటకటాలూ లేవు. అంచు విరిగి, ఎర్రమట్టి చెట్ల మీదుగా కిందికి జారిపోయి ఉంది.

"ఇంకా రాలేదేమోలే" అన్నాను. నా గొంతు నాకే నమ్మకంగా లేదు. పెద్దమ్మ బండ పట్టుకుని కిందికి తొంగి చూసింది. ఆయన వచ్చే వైపు చూసింది. మళ్ళీ కిందికి చూసింది.

"నాకోసమే కదే అక్కడ నిలబడేది" అంది.

"పేరు పెట్టి గట్టిగా పిలువు పెద్దమ్మా" అన్నాను. ఆమె నోరు తెరిచింది. ఎన్నడూ నోట పలకని పేరు ఆ క్షణాన మాత్రం ఎక్కడినుంచి వస్తుంది. ఏళ్ళ తరబడి మింగేసిన మాటే వచ్చింది.

"ఏమండీ."

లోయ ఆ పిలుపుని అందుకుని నాలుగు వైపులా తిప్పింది. ఆ మాట ఎవరి సొత్తు అంటే పెళ్ళైన మగవాళ్ళంతా చెయ్యెత్తుతారు. ముందు మలుపులోంచి ఎవరో, "ఆఁ, వస్తున్నా" అన్నారు. వెంటనే ఒక ఆడగొంతు, "నేను పిలవలేదండీ" అంది. పై దారిలో పోతున్న ముసలాయన ఆగి, "నన్నేనామ్మా?" అని అడిగాడు. ఇంకెప్పుడైనా అయితే పడీపడీ నవ్వేదాన్ని. పెద్దమ్మకి అవేవీ వినపడలేదు. "ఏమండీ, ఏమండీ" అని గొంతు చీరుకుపోయేలా పిలుస్తూనే ఉంది.

"ఏంటే?"

బొంగురు గొంతు. మా వెనకనుంచి వచ్చింది.

పెదనాన్న మేం వచ్చిన దారిలోనే, మోకాలి మీద చెయ్యి వేసుకుని కుంటుకుంటూ వస్తున్నాడు. పెద్దమ్మ ఎదురెళ్ళి ఆయన చొక్కా పట్టుకుని బండ పక్కకి లాగింది.

"ఎక్కడికి పోయారు?"

"నీ వెనకే వస్తున్నాను. మధ్యలో కాలు జారి పడి, కాసేపు కూర్చున్నాను."

"ఎప్పుడూ లేనిది ఈ వైపు ఎందుకొచ్చారు?"

"ఎదురొస్తే దాటి వెళ్ళిపోతావు" అన్నాడాయన. "వెనకొస్తే ఎక్కడో ఒకచోట పక్కన నడవొచ్చని."

పెద్దమ్మ అక్కడే తడి నేల మీద చతికిలబడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచుకునేదేముంది. ఆయన ఆ మోకాలితోనే ఎలాగో ఆమె పక్కన కూర్చున్నాడు.

చాలాసేపటికి ఆమె కళ్ళు తుడుచుకుని, "ఆ రోజు నాకెందుకు చెప్పలేదు?" అని అడిగింది.

పెదనాన్న అలవాటు కొద్దీ నావైపు చూశాడు. "నన్ను చూడకు పెదనాన్నా, నాకివాళ సెలవు" అన్నాను.

"మీ ఊరికెళ్ళే ఆ కొండదారి బస్సులో నేను డ్యూటీ చేశాను" అన్నాడు నేల చూస్తూ. "అంత వానలో, చీకట్లో నిన్ను ఆ బస్సు ఎక్కించలేకపోయాను. నీకు చెబితే ఆగవు. అత్తయ్య పొద్దుటిదాకా ఉంటుందనుకున్నాను."

"యూనిఫారాల కోసం అనుకున్నాను."

"తెలుసు."

"తెలిసీ ఊరుకున్నారా?"

"ఎందుకైతేనేం, ఆఖరిచూపు లేకుండా చేసింది నేనేగా. కారణం చెబితే తప్పించుకుంటున్నట్టు ఉంటుందనిపించింది."

పెద్దమ్మ ఆయన మోకాలి చిప్ప మీది బురదని కొంగుతో తుడిచింది. తుడిచిన చోటే మళ్ళీ మళ్ళీ తుడుస్తూ ఉండిపోయింది.

"చెప్పినా నేను మాట మానేసేదాన్నే" అంది చివరికి. "ఇన్నేళ్ళు మాత్రం కాదు."